వదిన ఎక్కిన ఇనుప పడవ

మా వదిన పోయింది. మొన్న ఆదివారం పొద్దున, ఆరాధనకు తెల్లచీర కట్టుకుని, మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయింది. కబురు నాకు సముద్రం ఒడ్డున అందింది. చేతిలో వల అక్కడే వదిలేసి వచ్చాను. ఆమె మా అన్న భార్య. మా ఊరు మైపాడులో చేపలు కొన్నవాళ్లు, మైపాడు బస్సులో నెల్లూరు పోయినవాళ్లు ఆమెను ఎరగకుండా ఉండరు.

చర్చి పుస్తకంలో ఆమె గురించి నాలుగు మాటలు రాయాలన్నారు. నాకు చదువు తక్కువ, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. అయినా ఈ పని ఇంకొకడికి ఇవ్వనన్నాను. ఇంకొకడైతే ‘శాంతమూర్తి’ అని రాస్తాడు. మా వదిన శాంతమూర్తి కాదు. ఆమె నోటికి ఒడ్డున కాకులు కూడా లేచిపోయేవి. బస్సులో చేపల గంప పెడితే ఒక కండక్టరు ముక్కు మూసుకుని, “ఏందమ్మా ఈ కంపు?” అన్నాడు. “ఆదివారం నీ పెళ్లాం పులుసు పెడితే ఈ కంపుకేగా నాలుగు ముద్దలు ఎక్కువ తింటావు!” అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, గంపను తన సీటు పక్కకు జరిపించుకున్నాడు.

మా ఇంటికి కొత్త కోడళ్లు వస్తే చేప కొనడం ఆమే నేర్పేది. “బేరం తర్వాత. ముందు కన్ను చూడండి. చేపకైనా మనిషికైనా కన్నులో మెరుపుండాలి” అనేది. ఆమె కన్నులో ఆ మెరుపు చివరిదాకా ఉంది.

ఆమెకు బతుకంతా ఒక్క కోరిక ఉండేది. అది బంగారం కాదు, మేడ కాదు. మా పడవలు వేటకు పోవాలంటే ముందు ఒడ్డు దగ్గర విరిగే పెద్ద అలను దాటాలి. పడవ ముక్కు పైకెత్తి అల మీదికి ఎక్కుతుంది, ఒక్క క్షణం గాలిలో నిలబడుతుంది, అవతలికి దభీమని పడుతుంది. మా ఊళ్లో ఆడవాళ్లను వేట పడవ ఎక్కించే ఆచారం లేదు. వదిన రోజూ గంప పట్టుకుని ఒడ్డునే నిలబడి చూసేది. పెళ్లయిన కొత్తలో అందరి ముందూ మా అన్నను అడిగింది, “నన్ను ఒక్కసారి ఆ అల దాటించి తీసుకురాయ్యా. ఎట్టుంటదో చూస్తా” అని. ఒడ్డంతా గొల్లున నవ్వింది. మా అన్న, “చెబితే తెలిసేది కాదులేవే” అని వల సర్దుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట. చెప్పకుండానే పోయాడు మనిషి.

పోయిన వేసవిలో మా చర్చి వాళ్లం బస్సు మాట్లాడుకుని వెంకటాచలం దాటి, హైవే పక్కన కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు పోయాం. లోపలికి పోగానే అందరం నోళ్లు తెరిచాం. ఆకాశంలో నీలిరంగు ఇనుప పట్టాలు! అలల్లాగా లేస్తున్నాయి, పడుతున్నాయి, ఒకచోట గుండ్రంగా తిరిగి తలకిందులవుతున్నాయి. వాటి మీద పడవలు! ముక్కు, ముక్కుకు అటూ ఇటూ కళ్లు, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక సముద్ర భూతం నోరు తెరుచుకుని ఉంది. పడవ దాని నోట్లో దూరి తోకలోంచి బయటికి వస్తుంది. లోపల ఉరుములు, పొగ. దానికి సొరచేప పళ్లు పెట్టారు, పీత డెక్కలు పెట్టారు, పైన కొమ్ములు కూడా.

“ఏం మరిదీ, దీన్ని నెల్లూరు మార్కెట్లో పెడితే ఏం చేపని చెప్పి అమ్మాల?” అంది వదిన.

ఇంతలో పైనుంచి ఒక పడవ దబ్బున దిగింది. జనం కేకలు. వదిన నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

“అదే గదా అల?” అంది.

“అట్టాంటిదే వదినా.”

“అయితే పద.”

మా చర్చి పాస్టరు అయ్యగారు అడ్డం వచ్చారు. “అమ్మా, ఈ వయసులో ఎందుకు? నీడన కూర్చుని ఐస్‌క్రీం తినండి.”

“అయ్యగారూ, ఐస్‌క్రీం మైపాడులో కూడా ఉండాది. ఇది లేదు” అంది. “దేవుడు పిలవాలంటే నేల మీదుంటే పిలవడా?” ఆయన ఆమేన్ అనాలో వద్దో తెలియక నిలబడిపోయారు.

పడవ ఎక్కే గట్టు మీద ఒక అమ్మాయి అందరినీ చూసి పంపుతోంది. బీపీ ఉందా, గుండె జబ్బుందా, ఆపరేషన్లు అయ్యాయా అని వదినను అడిగింది. లేదు, లేదు, లేదు. జన్మలో మొదటిసారి ఆమె ఒకరి ముందు తలొంచుకుని నిలబడింది. ఆ అమ్మాయి ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, “సరే, కొంగు బాగా దోపుకో అమ్మమ్మా” అంది.

అంతే! వదిన కొంగు బిగించి, చెప్పులు విప్పేసింది. పడవ ముక్కు తాకి కళ్లకద్దుకుంది. మా వాళ్లెవరూ చెప్పులతో పడవలో అడుగు పెట్టరు. వెనకున్న మైపాడు వాళ్లందరూ చెప్పులు విప్పారు. వాళ్ల వెనకున్న నెల్లూరు కాలేజీ పిల్లలు ఇదేదో పార్కు రూలు అనుకుని బూట్ల తాళ్లు ఊడదీయడం మొదలుపెట్టారు.

“అయ్యో, ఎందుకు విప్పుతుండారు? ఇది పడవ కాదు అమ్మమ్మా, రోలర్ కోస్టరు!” అని ఆ అమ్మాయి మొత్తుకుంది.

“ముక్కుండాది, కళ్లుండాయి. పడవ కాకపోతే బర్రెగొడ్డా?” అంది వదిన, ముందు సీటులో కూర్చుంటూ.

పక్కన నేను. కమ్మీ వచ్చి ఒళ్లో బిగుసుకుంది. గొలుసు టకటకమంటూ పైకి లాగింది. పైనుంచి చూస్తే రొయ్యల గుంటలు అద్దాల్లాగా మెరుస్తున్నాయి. వేటకు పోయినవాణ్ని గదా, “వదినా, ఇప్పుడు ఊపిరి బిగబట్టి...” అని చెప్పబోయాను.

“నోరు మూసుకోవయ్యా, నన్ను చూడనీ!”

పడ్డాం. ఏం పడ్డాం! నా కడుపు పైనే ఉండిపోయింది. గాలి చెంపల మీద కొట్టింది. భూతం నోరు, ఉరుము, చీకటి, మళ్లీ వెలుగు! నేల నెత్తి మీదికి వచ్చింది, ఆకాశం కాళ్ల కిందికి పోయింది. నేను అరిచానని తర్వాత అందరూ చెప్పారు. అరిచే ఉంటాను. వదిన అరవలేదు. కళ్లు ఇంత చేసుకుని చూస్తూనే ఉంది.

పడవ ఆగింది. ఆమె లేవలేదు. నాకు భయం వేసింది. తీరా చూస్తే ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వుతోంది, గాలికి కళ్లలో నీళ్లు.

“ఇదా మీ అన్న దాచిపెట్టుకున్నది! రోజూ ఇది తిని వచ్చేవాడా! ఇంటికొచ్చి గంజి తాగుతా ఊరికినే నవ్వుకునేవాడు. ఎవతెనో తలుచుకుంటుండాడని ఎంత పోట్లాడినానయ్యా!”

కిందికి దిగాక అడిగింది. “నిజం చెప్పు మరిదీ. దీనికీ అలకూ తేడా ఏంది?”

నాకు అబద్ధం రాదు. “ఇది ఎక్కినచోటే దించుద్ది వదినా. అల ఆ మాట ఇయ్యదు.”

ఆమె తలెత్తి ఆ పట్టాల వైపు చూసింది. “అయితే నాకు సగమే తెలిసింది” అంది. మళ్లీ పడవ ఎక్కే గట్టు వైపు నడిచింది. “ఈసారి కళ్లు మూసుకుంటా. యాడ లేస్తదో యాడ పడతదో చూడను.”

నేను ఎక్కలేదు. గొలుసు పడవను పైకి లాగే చోట, పక్కనే ఉన్న కంచె పట్టుకుని నిలబడ్డాను. పడవ నా ముందు నుంచే పోయింది. ముందు సీటులో వదిన ఒక్కతే. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. “వదినా!” అని అరిచాను. తల తిప్పలేదు. పడవ పైకి, ఇంకా పైకి పోయింది. మనిషి చిన్నదై, చీర రంగు మాత్రమే మిగిలింది. కొసకు చేరాక పడవ ఒక్క క్షణం ఆకాశంలో నిలబడింది. అప్పుడు ఆమె చేతులు రెండూ కమ్మీ వదిలేసి పైకి లేచాయి.

పడవ ముక్కు వంగింది.