మామ గదిలో తెల్లబడిన అద్దం

మా ఇంటి ముందుగదికి ఉన్న కిటికీని మా ఆయన తన చేతులతోనే బిగించాడు. దుబాయిలో ఏళ్ల తరబడి చేసింది ఆ పనే. ఒక అద్దం కాదు, రెండు. మధ్యలో వేలెడు సందు, ఆ సందులో కదలని గాలి, చుట్టూ నల్లటి జిగురు. సిరిసిల్లలో మా వాడలో అట్లాంటి కిటికీ ఇంకెవరింటికీ లేదని చెప్పుకోవడం నాకు సరదాగానే ఉండేది. కానీ అది సరదాకు పెట్టింది కాదు, మామ ఊపిరి కోసం పెట్టింది.

మామ చిన్నప్పుడు చేతిమగ్గం నేశాడు, ఆ తర్వాత ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాటి మధ్య నిలబడితే దూది నుసి కనురెప్పల మీద కూడా పిండిలా పడుతుంది. లోపల ఎంత పడిందో ఛాతీ ఫొటో తీయించిన డాక్టరు చూపించాడు. మామను బయట కూర్చోబెట్టి, "ఇంక నుసి తగలనియ్యద్దు. తగిలితే ఎక్కువ దినాలు ఉండడు" అని మాకు చెప్పాడు. మా ఇంటికి ఎదురుగా, సందు దాటితే సాంచాల కార్ఖానానే. మా ఆయన దుబాయి నుంచి పూర్తిగా వచ్చేశాక మామ ఉండే ఆ ముందుగది తలుపు సందులన్నీ మూసి, వీధి వైపు ఈ కిటికీ పెట్టాడు. గాలికి పెరటి వైపు వేరే కిటికీ ఉంది. ఇది తెరిచేది కాదు, చూసుకునేది.

మామ మంచం దాని పక్కనే వేశాం. కార్ఖానా తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. పొద్దున చాయ్ గ్లాసుతో మొదలుపెట్టి చీకటి పడేదాకా ఆ సాంచాలనే చూసేవాడు. చప్పుడు లోపలికి రాదు, అయినా ఏది ఆగిందో, ఏది తప్పు నేస్తుందో ఇక్కణ్నుంచే చెప్పేవాడు.

"కోడలా, గా మూల సాంచా ఆయన మళ్ల బీడీకి పోయిండు సూడు."

"నువ్వు గూడ గట్లనే పోయేటోనివట గద మామా?"

"నేను పోతే సాంచా బంద్ చేసి పోయేటోన్ని. గాయిన నడుస్తుంటనే పోతుండు."

ఆయనకు ఆ కాలక్షేపం ఉంటే చాలు, గది దాటేవాడు కాదు. మాకు కావలసింది అదే.

కిటికీ పెట్టి అయిదేళ్లు కూడా నిండలేదు. ఒక వానాకాలం చివర్లో మామ, "కండ్లకు పొరలొచ్చినట్టున్నయి బిడ్డా, కార్ఖానా మసక మసక కనవడ్తుంది" అన్నాడు. కొంగు తడిపి అద్దం లోపలి వైపు తుడిచాను, వీధిలోకి పోయి బయట తుడిచాను. మసక పోలేదు. తడి రెండద్దాల మధ్యన ఉంది, చెయ్యి పోని చోట. మొదట్లో ఎండ ఎక్కితే ఆరిపోయేది. తర్వాత ఆరడం మానేసింది. చారలు చారలుగా కారి, చివరికి మజ్జిగ పోసినట్టు అద్దమంతా తెల్లబడింది.

పక్కింటి వదిన చూసి, "ఏందమ్మా, మీ దుబాయ్ అద్దానికి శుక్లాలొచ్చినయా? దవాఖానకు తీస్కపోండ్రి" అంది.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని బయటికి పోయి చట్రం అడుగున గీకడం మొదలుపెట్టాడు. అక్కడ చిన్న చిన్న బొక్కలుంటాయి. వాన నీళ్లు చట్రంలోకి దిగినా వాటిలోంచి కారిపోవాలి. ఆ బొక్కల్లోంచి నూలు ఉండలు ఊడిపడ్డాయి. గంజిలో ముంచి, మెలిపెట్టి, లోపలికంటా కుక్కిన నూలు. ఎండి రాళ్లలా ఉన్నాయి. మా ఇంట్లో ఆ పని తెలిసింది ఒక్కరికే. మా ఆయన ఒక ఉండ పట్టుకుని మామ గదిలోకి వచ్చాడు.

"బాపు, గివి నువ్వు పెట్టినవా?"

"నేనే. మీరు పెండ్లికి పోయిననాడు పెట్టిన. ఇంత మంచి కిటికీ పెట్టి బొక్కలు మూసుడు మరిసినవ్. నుసి గాన్నుంచే వస్తది గద. పడుగుకు పెట్టే గంజిరా అది, ఊకె ఊడదు."

మా ఆయన ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. "ఊడలే బాపు. మంచిగనే మూసినవ్" అని బయటికి వచ్చేశాడు.

వంటింట్లో నాతో చెప్పాడు. పోయే దారి లేక నీళ్లు చట్రంలోనే నిలిచి, అద్దాల అడుగంచు ప్రతి వానాకాలం నానింది. జిగురు పట్టు విడిచింది. రెండద్దాల మధ్య పట్టీలో తేమ పీల్చే గింజలుంటాయట, అవి తాగగలిగినంత తాగేశాయి. "సక్కగుంటే ఇరవై ఏండ్లకు ఢోకా లేదు. నీళ్లల్ల నిలవడితే నాలుగైదేండ్లే. బాపుకు చెప్పకు, పరేషాన్ అయితడు."

చెప్పలేదు. కానీ మామ ఇక ఆ గదిలో ఉండలేకపోయాడు. మొదట గుమ్మం దాకా వచ్చాడు, తర్వాత వీధి గద్దె మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను మూతికి తువ్వాల కట్టేదాన్ని, అది మెడలోకి జారేది.

"లోపటికి రా మామా, డాక్టర్ ఏం చెప్పిండు?"

"లోపట ఏమున్నది బిడ్డా? గోడను సూసుకుంట ఎంతసేపు పండాలె?"

అట్లాంటి జంట అద్దం మా దగ్గర తయారు కాదు. కొలత పంపి హైదరాబాదులో చేయించాలి. అది వచ్చేదాకా మామూలు అద్దం పెట్టమన్నాను. "చప్పుడుకు నిద్రపోడు" అన్నాడు మా ఆయన. పగలంతా ఆ చప్పుడులోనే కూర్చుంటున్నాడు కదా అన్నాను. ఆయన టేపు తీసి కిటికీ కొలతలు రాసుకున్నాడు. వచ్చిన అద్దం మూల పగిలి ఉంది, తిప్పి పంపాం. మళ్లీ ఎదురుచూపు. అప్పటికి మామ దగ్గు మారింది. గొంతులో ఉన్నది కడుపులోంచి రావడం మొదలైంది. ఆక్సిజన్ మిషన్ తెచ్చి మంచం పక్కన పెట్టాక గద్దె మీదికి పోవడం దానంతట అదే ఆగిపోయింది.

చలి తగ్గే రోజుల్లో మా ఆయన కొత్త అద్దం బిగించాడు. మామను లేపి, వీపుకు దిండ్లు ఆనించి కూర్చోబెట్టాం. మధ్యలో అద్దం ఉందని కూడా తెలియనంత తేటగా ఉంది. ఒక్కో సాంచానే చూసుకుంటూ పోయాడు. ఉన్నట్టుండి ముందుకు వంగాడు.

"పోగులు తెగినయి. గాయిన సూస్తలేడు. బట్టంత ఖరాబైతుంది."

అరచేత్తో అద్దం మీద కొట్టాడు. "అరేయ్! బంద్ చెయ్!"

కార్ఖానాలో ఎవరూ తల తిప్పలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ అరవబోయాడు. అరుపు సగంలో ఊపిరి అందక నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను ముక్కు దగ్గర గొట్టం సరిచేసి వీపు నిమిరాను. మా ఆయన, "నేను పోయి చెప్తా బాపు" అని వీధిలోకి ఉరికాడు.

ఆయన పోయి చెప్పడం, సాంచా ఆగడం నాకు కనబడింది. మామ చూడలేదు. అప్పటికే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"పరదా ఎయ్యి బిడ్డా" అన్నాడు.

వేశాను. తీయమని మళ్లీ అడగలేదు. మామిడికాయలు రాకముందే పోయాడు.