పట్టపగలు కనబడని మంట

1. నిన్న ఉదయం బోగోలు నుంచి శీనయ్య తమ్ముడు కోటయ్య ఫోన్ చేశాడు. "మా అన్న పోయినాడన్నా" అన్నాడు.
2. సగం ఎత్తిన షాపు షట్టర్‌ను అలాగే వదిలేసి బస్సెక్కాను.
3. ఇంటి ముందు జనాన్ని చూసేవరకు అది తప్పుడు కబురే అయివుంటుందని నమ్మాను.

శీనయ్యకు నిద్రలోనే గుండెపోటు.

అతడు సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. నేను పదో తరగతితో చదువు ఆపి, మిగతాది స్టవ్‌లు రిపేరు చేస్తూ నేర్చుకున్నవాడిని. ఆదివారాల్లో తీరాన టెంట్ వేసుకొనే మా బృందంలోకి అతడిని లాక్కొచ్చింది నా క్యాంపింగ్ స్టవ్.

వేట నిషేధం ముగిసేలోగా అతడికి ఒక సంగతి తేలాలి. పడవ మీద వేడి అన్నం వండడానికి ఏ ఇంధనం మేలు?

కిరోసిన్ దొరకడం లేదు. దొరికినా, ఒలికి అంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ మంట పాకుతుంది. చిన్న గ్యాస్ డబ్బా అయిపోతే మళ్ళీ చెన్నై నుంచి తెప్పించాలి. స్పిరిట్ నిదానమే, కాని దాని మంట నీళ్ళకు లొంగుతుంది.

దానిలోని చిక్కు ఒక మిట్టమధ్యాహ్నం తెలిసింది.

"ఆరిపోయిందన్నా, ఇంకాస్త పోస్తా" అంటూ శీనయ్య సీసా వంచబోయి, సెగ తగిలి చెయ్యి లాక్కున్నాడు.

మంట ఉంది. ఎండలో కనబడలేదు.

అతడి భార్య పోలమ్మ పరుగున వచ్చింది. "ఎవుడి కన్ను పడిందో!" అని గుప్పెడు ఉప్పు అతడి చుట్టూ తిప్పి విసిరింది. నాలుగు ఉప్పురాళ్ళు పొయ్యిలో పడ్డాయి.

మంట పసుపు రంగులో లేచి నిలబడింది!

శీనయ్య కాలిన వేళ్ళ సంగతే మరిచాడు.

"ఇది దిష్టి మహిమా, ఉప్పు మహిమా అన్నా? ఈసారి దిష్టి తియ్యకుండా వేసి చూద్దాం."

"అయితే మీ అన్న చేత వేయించు. ఆయనకి దిష్టి తీసేది రాదు గదా" అంది పోలమ్మ నన్ను చూపిస్తూ.

వేశాను. మళ్ళీ పసుపు మంటే.

"ఓయమ్మా, ఈయన చేతిలో గూడా మహిమ ఉండాదే!"

ఆ రోజు ముగ్గురం నవ్విన నవ్వు ఇంకా వినబడుతోంది.

ఇక మిగిలింది సముద్రపు గాలిలో పరీక్ష. "నేను చూసి చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు.

నిన్న సాయంత్రం శీనయ్యను సాగనంపి తీరం నుంచి తిరిగొస్తూ కోటయ్య అడిగాడు: "పడవలో ఏ పొయ్యి పెట్టమంటావన్నా?"

స్పిరిట్‌దే, పగటిపూట చిటికెడు ఉప్పు వేసి, అన్నాను. మొదటి అన్నం ఉడికాక ఫోన్ చెయ్యమన్నాను.

శీనయ్యా, నువ్వున్న చోట గాలి నెమ్మదిగా వీచుగాక. నిశ్చింతగా పడుకో.

ఉదయం 6.40
చేవూరు మాలకొండయ్య