ఐసు గదిలో మైనస్ ఒకటి

మా ఇంట్లో నాకు అనుమానప్పక్షి అని పేరు. పాలాయన నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకునే రకం నేను. గుడివాడలో కంప్యూటర్లు నేర్పే చోట పనికి కుదిరాక ఆ జబ్బు ఇంకాస్త ముదిరింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులోని ఒక ఐసు గదికి మా సారు ప్రోగ్రాం రాశారు. లోపలి తీగ చల్లదనం కొలిచి చెబితే బయట తెర మీద అంకె కనిపిస్తుంది. చేపలకూ రొయ్యలకూ అక్కడ మైనస్ ఒకటి డిగ్రీ ఉండాలి. లారీ వచ్చేదాకా తలుపు తీయడానికి వీల్లేదని యజమాని కట్టడి చేశాడు. అందరూ తెర చూసి తృప్తిపడి వెళ్ళిపోయేవారు.

మా పిన్ని దివిసీమ చెరువుల దగ్గర రొయ్యలు కొని ఆ గదిలో పెట్టేది. ఒకసారి ఆమె సరుకు కంపు కొట్టి వెనక్కొచ్చింది.

"మీరు తెచ్చినప్పుడే పాడు సరుకండీ. మా గది మైనస్ ఒకటి మీద నుంచి కదల్లేదు," అన్నాడు యజమాని.

ఆ మాట బజారంతా పాకింది. ఇంకో సరుకు అలాగే వెనక్కొస్తే పిన్ని వ్యాపారం మూసుకోవాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు కదల్లేదన్న మాటే మింగుడుపడలేదు. సరుకు లోపలికి చేర్చేటప్పుడైనా కాస్త కదలాలి కదా!

సారు రాసిన ప్రోగ్రాం తెరిచి చదివాను. తీగ జవాబివ్వకపోతే మైనస్ ఒకటి చూపించమని రాశారాయన. మేం క్లాసులో పిల్లలకు నేర్పేదీ అదే: రోల్ నంబరు వెతుకు, దొరక్కపోతే మైనస్ ఒకటి ఇవ్వు. ఏ పిల్లాడి నంబరూ మైనస్ ఒకటి కాదు కాబట్టి అక్కడ చిక్కులేదు. ఐసు గదిలో మాత్రం అందరూ కోరుకునే అంకె అదే.

పిన్నిని వెంటబెట్టుకుని బందరు వెళ్ళాను. ఆమె కొత్త సరుకు లోపలుంది. పట్టుబట్టి తలుపు తీయించాను. పిన్ని చెయ్యి పెట్టి చూసింది.

"చల్లగానే ఉన్నాయి కదే! ఊరికే గొడవ చేశావు."

తలుపు తీసి ఉంచేసరికి తెర మీది అంకె మెల్లగా రెండుకు ఎక్కింది. అంటే తీగ బాగానే ఉంది. యజమాని నవ్వాడు. నాకు సిగ్గేసింది, కానీ అనుమానం తీరలేదు. తలుపు తెరిచి ఉండగానే కంప్యూటర్ వెనక తగిలించిన ఆ తీగ పీకేశాను.

తెర మీద మైనస్ ఒకటి వచ్చింది.

పిన్ని బార్లా తెరిచిన తలుపునూ, అంకెనూ మార్చి మార్చి చూసింది.

"అయితే ఆ రోజు నా రొయ్యలు లోపల కుళ్ళుతుంటే కూడా ఇది ఇలాగే చూపించిందా అండీ?"

"అబ్బే, ఆ రోజు తీగ బాగానే ఉందండీ."

"మీకెలా తెలుసు?"

అతను తడబడి, అలవాటుగా తెర వైపు చూశాడు.