నైదెన్ ఊఁ అంటేనే

నైదెన్ ముప్పైరెండేళ్లు పొగాకు గోదాములో ఆకు గ్రేడు చేశాడు. ఎండిన ఆకును వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది కొండవాలులో పండిందో ఏటిపక్కన పండిందో, రైతు వానకు తడిసిన ఆకును అడుగున దాచి తెచ్చాడో లేదో చెప్పేసేవాడు. జీవితంలో ఒక్క సిగరెట్టు కాల్చలేదు. గోదాము మూతపడిన రోజున అందరికీ గడియారాలిచ్చారు. నైదెన్‌కు గడియారం ఇచ్చి, మేనేజరు రెండుసార్లు చెయ్యి కలిపాడు.

ఆ తరవాత అతని ముక్కుకు వైన్ పని దొరికింది. బస్సు నడిపి రిటైరైన రాడోయ్ ఇంటి కింద నేలమాళిగలో మూడు చిన్న పీపాలుండేవి. ఊళ్లో ఉత్తరాలు పంచే జ్లాట్కాకు భర్త వదిలిపోయిన ద్రాక్షతోట ఉండేది. ముగ్గురూ ఏటా కలిసి కోసి, కలిసి పిండి, పీపాలకెత్తేవారు. తోట జ్లాట్కాది, పీపాలు రాడోయ్‌వి, ముక్కు నైదెన్‌ది. చలి తగ్గుముఖం పట్టాక అతను ఒక్కో పీపా నుంచి గుక్కెడు తాగి "ఊఁ" అంటేనే తక్కినవాళ్లు గ్లాసులు ముందుకు జరిపేవారు.

రెండేళ్ల కిందట శీతాకాలంలో అతనికి జ్వరమొచ్చి పదిరోజులకు తగ్గింది. పదకొండో రోజు పొద్దున పొయ్యి మీద కాఫీ మాడి గిన్నె నల్లబడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. భార్య వేసా పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఇల్లు తగలబడినా ఆటల పేజీ అయ్యాకే లేస్తావా?" అంది. అతను సబ్బు వాసన చూశాడు. వెల్లుల్లి చిదిమి చూశాడు. ఏమీ లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నైదెన్ రోజూ పొద్దున్నే వెల్లుల్లి చిదిమేవాడు.

స్నేహితులకు చెప్పలేదు. కాలు విరిగిన గుమాస్తా గుమాస్తాగానే ఉండటం గోదాములో చూశాడు గానీ, ముక్కు పోయిన గ్రేడరు ఏమవుతాడో చూడలేదు.

కాబట్టి రుచి చూసే రోజున ఎదుటివాళ్ల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. రాడోయ్ కనుబొమలు పైకి లేస్తే మంచిది. జ్లాట్కా రెండో గుక్క తాగితే ఇంకా మంచిది. అప్పుడు "ఊఁ" అనేవాడు. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు.

మూడో ఏడు మార్చిలో జ్లాట్కా కొత్త మాట ఎత్తింది. ముగ్గురూ రాడోయ్ వంటింట్లో తెల్ల చీజూ ఉల్లిపాయలూ ముందేసుకుని కూర్చున్నారు.

"ఈసారి వైన్ గాజు సీసాల్లో పోద్దాం," అంది. "మా మేనకోడలి పెళ్లికి నీళ్ల ప్లాస్టిక్ సీసాలు మోసుకెళ్లి దాని అత్తగారి ముందు పెట్టలేను. హోటలు వాళ్లనడిగి ఖాళీ సీసాలు తెచ్చా. కడగడమే తరవాయి."

"బిరడాలు?" అన్నాడు రాడోయ్.

"అవీ తెచ్చా. లేబుల్ కూడా వెయ్యాలి."

"లేబుల్ మీద నా బస్సు బొమ్మ వేయిద్దాం."

"తాగి బస్సు నడిపావనుకుంటారు."

రాడోయ్ కాసేపు ఆలోచించి ఆ సంగతి వదిలేశాడు. జ్లాట్కా నైదెన్ వైపు తిరిగింది. "అన్నా, సీసా వెనకాల వైన్ రుచి గురించి రెండు ముక్కలు రాయాలి. అది నీ పని. శనివారానికి తీసుకురా, అదే రోజు నింపేద్దాం."

నైదెన్ వారమంతా కాగితం ముందు కూర్చున్నాడు. శుక్రవారానికి "ఎరుపు" అని రాయగలిగాడు. మళ్లీ ఆలోచించి "ముదురు" అని ముందు చేర్చాడు.

శనివారం మధ్యాహ్నం నేలమాళిగలో సీసాలు వరసగా బోర్లించి ఉన్నాయి. రబ్బరు గొట్టం పీపాలో దించి రాడోయ్ సిద్ధంగా ఉన్నాడు. నైదెన్ కాగితం జేబులోంచి తియ్యకుండా నీళ్లు నమిలాడు.

"నాకు వాసన తెలీదు," అన్నాడు చివరికి. "రెండేళ్లయింది."

"రాయడానికి బద్ధకమైతే బద్ధకమని చెప్పరా," అన్నాడు రాడోయ్. "జబ్బులెందుకు తగిలించుకుంటావు?"

జ్లాట్కా అతని ముందుకొచ్చింది. "కళ్లు మూసుకో అన్నా," అంది. మెట్ల కింద మూలన పడున్న గుడ్డ తీసి అతని ముక్కుకు ఆనీ ఆనకుండా పట్టుకుంది. "ఏంటిది?"

నైదెన్ గట్టిగా గాలి పీల్చాడు. "ఇంకా ఏమీ పెట్టలేదు కదా?"

అది రాడోయ్ బస్సు రోజుల నాటి డీజిల్ గుడ్డ. దూరంగా నిలబడ్డ రాడోయ్‌కే దగ్గొచ్చింది. అతను గొట్టం కింద పెట్టి తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"మరి మూడో పీపా?" అన్నాడు. "రెండేళ్లుగా తడిసిన గోనెసంచి కంపు కొడుతోంది. నువ్వు ఊఁ అన్నావు కాబట్టి మంచి వైన్ అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నా."

"కంపు కొడితే కనుబొమలెందుకు ఎత్తావురా?"

"కంపుకే ఎత్తా."

నైదెన్ జ్లాట్కా వైపు చూశాడు. "నువ్వు రెండో గుక్క తాగావుగా?"

"మొదటి గుక్కలో ఏం బావుందో అర్థంకాక తాగా," అంది.

నైదెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇక ఇంటికి వెళ్లిపోవచ్చేమో అనుకున్నాడు గానీ మెట్లకు అడ్డంగా రాడోయ్ బకెట్టు ఉంది.

జ్లాట్కా మూడో పీపా నుంచి కొంచెం గ్లాసులోకి వంపింది. "చెప్పు, ఇప్పుడేం చెయ్యాలి?"

"ఊపి చూడు," అన్నాడు నైదెన్ అలవాటు కొద్దీ. గోదాములో కొత్తవాళ్లకు నేర్పింది ఇలాగే. "ఊపితే గోనె వాసన ఎగిరిపోతోందా, నిలుస్తోందా?"

"నిలుస్తోంది. ఎక్కువైంది కూడా."

"మింగాక?"

ఆమె మొహం చిట్లించింది. "ఎలక తిరిగిన అలమారా."

"పీపా చెక్కకు బూజు పట్టింది. పారబొయ్యండి. పీపా కూడా ఉంచొద్దు." ఆ మాట అతని నోట్లోంచి ఏ తడబాటూ లేకుండా వచ్చింది. రెండేళ్లలో ఎవరి మొహమూ చూడకుండా చెప్పిన మొదటి మాట అది.

రాడోయ్ మూడో పీపాలోని వైన్‌ను బకెట్లతో మోసి పెరట్లో పారబోశాడు. కోళ్లు వచ్చి చూసి వెళ్లిపోయాయి.

మిగిలిన రెండు పీపాలకూ అలాగే చేశారు. నైదెన్ అడగడం, వాళ్లిద్దరూ పీల్చి, తాగి, ఒకరి మాట ఒకరు కొట్టేస్తూ చెప్పడం. రాడోయ్‌కు ప్రతిదీ "పండు వాసన"లాగే ఉంది. ఏ పండని నిలదీస్తే నొచ్చుకున్నాడు. జ్లాట్కా బాగా చెప్పింది. ఎండుప్లమ్ అంది, వాన వెలిసిన తోట అంది. చీకటి పడేలోగా నూట ఇరవై ఆరు సీసాలు నిండాయి. బిరడాలన్నీ నైదెన్ బిగించాడు.

పెళ్లిలో వరుడి తల్లి మూడు గ్లాసులు తాగి, వైన్ కాస్త లేతగా ఉందంది. వెళ్లేటప్పుడు రెండు సీసాలు సంచిలో పెట్టుకుంది. సీసా వెనక రుచి సంగతేమీ రాయలేదు. అక్కడ సంవత్సరం వేశారు, అంతే.

నైదెన్ ముక్కు తిరిగి రాలేదు. వెల్లుల్లి చిదమడం వేసవికి మానేశాడు. ఆదివారాలు మాత్రం రాడోయ్ వంటింట్లో గ్లాసు ముక్కు కింద పెట్టుకుని కూర్చుంటాడు. "చెప్పు" అంటాడు. జ్లాట్కా చెబుతుంది. ఆమె ఆగితే, "ఇంకా?" అంటాడు.