తాత పేరు పెట్టుకున్న ఇద్దరు

పోయిన నెల మోకాళ్ళ నొప్పులకని టెక్కలిలో ఆసుపత్రికి వెళితే, కౌంటర్ దగ్గరి అమ్మాయి నా పేరైనా అడగకుండా ఫోన్ నంబరు చెప్పమంది. చెప్పగానే నా వయసూ, బీపీ, ఎప్పుడో వాడి మానేసిన మందులూ అన్నీ తెరమీదికి వచ్చేశాయి. పక్కనున్న మా ఆడపడుచు ఎంత సుఖమో చూడమని మురిసిపోయింది గానీ, నాకు మాత్రం భయం వేసింది. ఆ భయం ఎక్కడిదో మా ఇంట్లో ఎవరికీ నేను పూర్తిగా చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. పలాసలో ఒక ధర్మాసుపత్రిలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. రోజూ టెక్కలి నుంచి బస్సులో వెళ్ళివస్తూ, ఒళ్ళో ఇటుకంత పుస్తకం పెట్టుకుని డేటాబేసుల నిర్వహణ పరీక్షకు చదివేదాన్ని. విశాఖపట్నం వెళ్ళి అది రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే నా అంతటిది ఉండదని నమ్మకం. చర్చికి కూడా బైబిలుకు బదులు ఆ పుస్తకమే తెస్తావేమోనని మా అన్నయ్య ఏడిపించేవాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి, చదివిన ప్రతి పాఠాన్నీ భోజనాల వేళ ఆసుపత్రి కంప్యూటర్‌లోనే, అసలు రోగుల వివరాలమీదే చేసి చూసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా తెగువకు నాకే ఒళ్ళు మండుతుంది.

ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు గురించి జనం గుసగుసలు మాని పైకే మాట్లాడుకుంటున్న రోజులవి. పచ్చటి కొబ్బరితోటల్లో నిన్నటిదాకా చెట్టెక్కి కాయలు దింపిన మనిషి ఇవాళ కాళ్ళు వాచి మంచం పట్టేవాడు. మా డాక్టరుగారు ఊరూరా శిబిరాలు పెట్టి రక్తం తీయించేవారు. చీటీలు నా దగ్గరికి వస్తే, ఇంటిపేరు, పేరు, ఊరు, వయసు, రక్తపరీక్షలో తేలిన అంకె, మనిషికొక వరసగా పట్టికలో ఎక్కించేదాన్ని. అంకె ఎక్కువుంటే కిడ్నీ దెబ్బతిన్నట్టు. అలాంటివాళ్ళ జాబితా ఇస్తే జీపు వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చేది. మిగిలినవాళ్ళకు బాగున్నారని కాగితం పోయేది.

పట్టికలో ఒకే మనిషి రెండుసార్లు ఉండకూడదని పుస్తకంలో ఒక పాఠం. వెతికితే ఇంటిపేరూ పేరూ ఊరూ వయసూ కలిసిన జంటలు కొన్ని దొరికాయి. శిబిరం రెండేసి రోజులు జరుగుతుంది కదా, ఒకరినే రెండుసార్లు రాసుంటారనుకుని, అంకెలు వేరుగా ఉన్నాయేమోనని చూడనైనా చూడకుండా రెండో వరసలన్నీ చెరిపేశాను. అలాంటివి మళ్ళీ చేరకుండా కట్టడి కూడా పెట్టాను. కంప్యూటర్ కిమ్మనలేదు. ఆ తర్వాత కొత్త చీటీ ఎక్కిస్తుంటే అప్పుడప్పుడూ ఈ మనిషి ముందే ఉన్నాడని అడ్డం చెప్పేది, నేను నా తెలివికి సంతోషిస్తూ ఆ చీటీని సొరుగులో పడేసేదాన్ని. సొరుగులో కట్ట లావవుతూనే ఉంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు బారువ అవతలి పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చి, నా బల్ల ముందు నిలబడి, చేతిలోని కాగితం నాకందించింది.

"ఏటమ్మా, మా మావ పేరే మనవలిద్దరికీ ఎట్టాం. మా మరిది కొడుక్కి బాగున్నాడని కాయితం వొచ్చింది. మావోడి కాయితం రానేదు. ఆడికి కాళ్ళు పొంగుతన్నాయి."

నేను చెరిపేసిన రెండో వరసలు గుర్తొచ్చాయి. మా అన్నయ్యకూ మా పెదనాన్న కొడుక్కూ కూడా మా తాత పేరే. పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకుంటూ ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళం. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన సంగతి పుస్తకం ముందు కూర్చునేసరికి నాకు గుర్తే రాలేదు.

వారంవారం సీడీల్లోకి తీసిన బ్యాకప్‌లున్నాయి గానీ, వాటిలోంచి వివరాలు తిరిగి వస్తాయో లేదో నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. చెరపడానికి ముందు తీసిన సీడీని కంప్యూటర్ చదవలేకపోయింది. దాని ముందు వారంది పెట్టి, ఉన్నదానిమీద కాకుండా పక్కన వేరే పేరుతో నింపుతుంటే, ఆవిడ బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తోంది. చివరికి రెండు పట్టికలనూ పోల్చి, పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేనివాళ్ళను చూపమని కంప్యూటర్‌ను అడిగాను. ఆవిడ కొడుకు పేరు తెరమీదికి వచ్చింది. దాని పక్కనున్న అంకె చూసి డాక్టరుగారు వెంటనే జీపు తీయమన్నారు. అతనొక్కడే కాదు, అచ్చు తీసిన కాగితంలో సగం దాకా అలాంటి పేర్లున్నాయి, సొరుగులో చీటీలు వేరే.

మిగిలినవాళ్ళలో చాలామంది సమయానికే దొరికారు. ఆవిడ కొడుకు మాత్రం నా పరీక్షకు వారం ముందు పోయాడు. నాలుగు నెలల ముందు తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదేమోనన్నారు డాక్టరుగారు. అది నిజమో, నన్ను ఓదార్చడానికన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పరామర్శకు వెళ్ళి, ఆ పేరు చెరిపింది నేనేనమ్మా అని ఆవిడతో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కొంగు అంచు నలుపుతూ అంది.

"ఆ పేరుతో మాకింక ఒక్కడే మిగిలాడమ్మా. ఆడ్ని సెరపకు."

పరీక్షలో, వరసలు చెరిపే ముందు ఏం చేయాలని ఒక ప్రశ్న వచ్చింది. సరిగ్గానే రాశాను, పాసయ్యాను కూడా. ఆ సర్టిఫికెట్‌కు ఇప్పటికీ పటం కట్టించలేదు.

ఇప్పుడు మనిషికో నంబరుంది, ఒకే పేరున్న ఇద్దరు కలిసిపోయే భయం లేదు. ఎవరి మనవడివని అడిగేవాళ్ళూ లేరు. అయినా పోయిన నెల కౌంటర్ దగ్గరి ఆ అమ్మాయికి నంబరుతో పాటు నా ఇంటిపేరూ, పేరూ, మా నాన్న పేరూ, మా తాత పేరూ చెప్పాను. అవన్నీ అక్కర్లేదండీ అంది నవ్వుతూ. రాసుకోమ్మా అని బతిమాలాను.