ఫట్‌ఫటీ నోరు మూసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటికి మనుషులకంటే ముందు వాళ్ల చప్పుళ్లు వచ్చేవి. ఖాజాగూడ అప్పటికింకా బండల మధ్య ఊరు. ఎద్దు మెడలో గంటయినా, పాలవాడి సైకిలు బెల్లయినా బండలకు తగిలి తిరిగొచ్చేది. వాటన్నిటినీ మింగేసేది మా చిన్నాయన ఫట్‌ఫటీ. మోటారు సైకిలుకు మా ఇళ్లలో అదే పేరు. ఎవరో ఏళ్ల తరబడి తోలి అమ్మేసిన పాత బండి. అది చెరువు మలుపులో ఉండగానే మా గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గల్లుమనేవి.

ఆ మోతకు కారణముంది. సైలెన్సర్ లోపల చిల్లులున్న సన్నటి గొట్టం ఒకటుంటుంది. ఇంజను నుంచి పొగతోపాటు వచ్చే దెబ్బను విరిచి మెత్తబరిచేవి ఆ చిల్లులే. వెనక ఒక్క మర విప్పితే గొట్టం బయటికొస్తుంది. చిన్నాయన దాన్ని ఊడదీసి అటక మీద పడేశాడు. ఎందుకని అడిగితే నవ్వేవాడు. "దొరగారొస్తున్నట్టు ఊరంతటికి తెల్వాలె కద!" అని మా అమ్మ మూతి తిప్పేది. ఆ మాటకూ నవ్వేవాడు.

పక్కింటి అక్కకు ఆ ఏడాదే ఆడపిల్ల పుట్టింది. చిన్నాయన క్వారీ పని ముగించుకుని వచ్చే వేళకే ఆ పసిది నిద్రలోకి జారేది. బండి రాగానే ఉలిక్కిపడి, ఊపిరి తిరగనంతగా ఏడ్చేది. అక్క చాలాసార్లు గోడ అవతలి నుంచి, "జర నీ ఫట్‌ఫటీ నోరు ముయ్యరాదే అన్నా!" అని బతిమాలింది. చిన్నాయన వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్లిపోయేవాడు. పొగరని వాడకట్టంతా అనుకుంది. ఇంట్లో మేమూ అనుకున్నాం.

మా తాత ఒక్కడే ఏమీ అనలేదు. ఒకప్పుడు ఆయనా క్వారీ మనిషే. చిన్నాయన చేసేది తూటాలు పెట్టడానికి బండకు బొక్కలు వేసే పని. పేల్చే ముందు మేస్త్రీ ఈల ఊదుతాడు. ఈల వినపడగానే ఎక్కడి పని అక్కడ వదిలి దూరంగా ఉరకాలి. ఆ పనిలో ప్రాణానికి కాపుగా ఉండేది ఆ ఈల ఒక్కటే.

ఒక ఆదివారం మధ్యాహ్నం తాత అటక మీది గొట్టం దించి, మసి గీకి, సైలెన్సర్‌లో దూర్చి మర బిగించాడు. చిన్నాయన నిద్ర లేచి వచ్చాక గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. తాత ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, "గొట్టం ఏసిన. గా గోడ దిక్కు తిరిగి నిలవడు. నేను స్టార్ట్ చేస్త. మోత తగ్గిందో లేదో చెప్పు" అన్నాడు. చిన్నాయన ఒక్క క్షణం తటపటాయించి, వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సంగతి తెలిసి పక్కింటి అక్క కూడా పిల్లను భుజాన వేసుకుని వచ్చింది.

తాత కిక్ కొట్టాడు. బండి అందుకుంది. డబ్ డబ్ మంటూ, దూరంగా ఎవరో వడ్లు దంచుతున్నంత మెత్తగా. అక్క భుజం మీద పిల్ల కదల్లేదు. అక్క ముఖం విప్పారింది. మేమంతా చిన్నాయన మాట కోసం చూస్తున్నాం. ఆయన చెవి ఒగ్గి, తల కాస్త వంచి అలాగే నిలబడ్డాడు. బండి ఆడుతూనే ఉంది. చివరికి ఆయన తల తిప్పకుండానే అడిగాడు:

"ఏంది నాయినా, ఇంక కిక్ కొడ్తలెవ్వు?"

నాకు నవ్వొచ్చింది. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. తాత ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. అక్క పిల్లను గట్టిగా హత్తుకుంది. తాత బండి ఆపేశాడు. తర్వాత కొడుకు ముందుకు వెళ్లి, ముఖాముఖి నిలబడి, "ప్లగ్గు తడిసినట్టుందిరా. అందుకుంటలేదు" అన్నాడు. మా తాత అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. కానీ చిన్నాయన చూపు అక్క ముఖం మీదికి, నా ముఖం మీదికి, సైలెన్సర్ చివర ఇంకా తేలుతున్న సన్నటి పొగ మీదికి వెళ్లింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"గా చప్పుడొక్కటే నాకు ఇనవడ్తుండె నాయినా" అన్నాడు.

ఈల సంగతి తాత సైగతో అడిగాడు. అందరూ ఉరికితే తానూ ఉరుకుతానన్నాడు చిన్నాయన. "ఒక్కనివే ఉన్ననాడు?" అన్నాడు తాత. ఆ పెదవుల కదలిక చిన్నాయనకు అర్థమైంది. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు తాత వెళ్లి మేస్త్రీకి చెప్పేశాడు. పని పోయింది. ప్రాణం దక్కింది. చిన్నాయన చాలాకాలం తండ్రితో మాట్లాడలేదు. అక్క ఆ వారంలోనే మా ఇంటికొచ్చి, "గొట్టం తీసేయుండ్రి తాతా. పిల్లకు అలవాటైతది. అన్న బండి అన్నను తోలుకోనియ్యుండ్రి" అంది. తాత గొట్టం తీసి బండి పక్కనే పెట్టాడు. చిన్నాయన మళ్లీ ఆ బండి ఎక్కలేదు. రేకుల కింద అది తుప్పు పట్టింది.

క్వారీ మూతపడ్డాక ఆ బండలున్న చోట ఆఫీసులు లేచాయి. చిన్నాయన చివరి రోజుల్లో వాటిలో ఒకదానిలో మొక్కలకు నీళ్లు పట్టాడు. గేటు దగ్గరి మనుషులు వెనక నుంచి కేకేసేవారట. పలకకపోతే ముసలోడికి పొగరనేవారట.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు మీద పాత బండ్లకు గొట్టాలు పీకేసి కుర్రాళ్లు మోత పెడుతుంటారు. ఆ మోత అద్దాల మేడలకు తగిలి తిరిగొస్తుంది. నా చదువు పదో తరగతితోనే ఆగినా లెక్కల మీద ప్రేమ పోలేదు. డెసిబెల్ లెక్క సొంతంగా నేర్చుకున్నాను. మూడు పెరిగితే శక్తి దాదాపు రెట్టింపు, చెవికి మాత్రం కాస్త పెరిగినట్టే ఉంటుంది. అసోసియేషన్ వాళ్లు ఫిర్యాదు రాయాలన్నప్పుడు ఫోనులో కొలిచి అంకెలు ఇచ్చింది నేనే. ఆ కుర్రాళ్లలో చాలామందికి చెవులు బాగానే ఉంటాయని నాకు తెలుసు. ఫిర్యాదు సరైనదే. అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు, వాళ్లలో ఒకడి దగ్గరికి వెళ్లి ఎదురుగా నిలబడి ఒకసారి అడిగాను. వాడు వింతగా చూసి, "వినపడుతుంది ఆంటీ" అన్నాడు. సంతకం పెట్టేశాను.

నేను ఈనాటికీ ఎవరినీ వెనక నుంచి పిలవను. ఎంత తొందరలో ఉన్నా చుట్టూ తిరిగి వెళ్లి, ముఖం కనిపించే చోట ఆగి, అప్పుడు పలకరిస్తాను.