నా కూతురు లేసు కట్టిన రోజు

ఇది ఒక మహాగాథ. మూడు తరాల కథ. ఇందులో ఒక తండ్రి పట్టిన పంతం ఉంది, ఒక ముసలి గురువు తలుపు దగ్గరగా వేసి నేర్పిన విద్య ఉంది, నిండు సభలో ఒక పరీక్ష ఉంది. చదివేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి.

కూర్చున్నారా? మరీ అంత సర్దుకోనక్కర్లేదు. ఐదేళ్ల పిల్ల తన బూటు లేసు తనే కట్టుకుంది. జరిగింది అంతే. మూడు తరాలంటే మా నాన్న, నేను, నా కూతురు. నిండు సభ అన్నది కూడా పెంచి చెప్పిందే. బడివాళ్లు నలభై కుర్చీలు వేస్తే సగం ఖాళీగా ఉన్నాయి, ఒకదానికి కాలు విరిగి ఉంది.

అయినా రాస్తున్నాను. నా కూతురు మొట్టమొదటిసారి చేసిన పనుల్లో నేను కళ్లారా చూసింది అదొక్కటే మరి.

మేం సూరత్‌లో ఉంటాం. ఇల్లు పర్వత్ పాటియా దగ్గర ఒక గల్లీలో. నేను నడిపే మరమగ్గాలు భేస్తాన్‌లో. మా ఇంటి గోడను ఆనుకునే ఒక మగ్గాల షెడ్డు ఉంది కదా, అంత దూరం పోవడమెందుకని కొందరు అడుగుతారు. మా నాన్న ముప్పై ఏళ్లు ఆ షెడ్డులోనే పనిచేశాడు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఉప్పు అయిపోయినా, నల్లా వచ్చినా గోడ ఇవతలి నుంచి గిన్నె మోగించేది. ఆ మోతలో పక్కమనిషి అరుపు కూడా వినబడని మా నాన్నకు ఆ గిన్నె మాత్రం వినబడేది. అది చూసి పెరిగినవాణ్ని. అందుకే భేస్తాన్.

పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పిల్ల పుట్టాక నాకు అర్థమైన సంగతేమిటంటే, పిల్లలు తమ ముఖ్యమైన పనులన్నీ తండ్రి డ్యూటీ చూసుకుని మరీ చేస్తారు. అది బోర్లా పడినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. మొదటి పన్ను వచ్చినప్పుడు షెడ్డులోనే ఉన్నాను. మొదటి అడుగు వేసినప్పుడు నా భార్య తెలివిగా ఫోన్ తీసి వీడియో పట్టింది. ఆ సమయానికే మా నాన్న మనవరాలు పడిపోతుందేమోనని పరుగెత్తుకొచ్చి ఫోన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. పదకొండు సెకన్లు మా నాన్న లుంగీ కనిపిస్తుంది, వెనక నుంచి "నడిచింది, నడిచింది" అని కేకలు వినిపిస్తాయి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ లుంగీని ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు.

మొదటి మాట సంగతీ అంతే. పక్క షెడ్డు మోతలో పుట్టిన పిల్ల కాబట్టి ఆ మోత ఉంటేనే దానికి నిద్ర. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి కూర్చుని, "బంద్" అన్నదట. మొదటి మాట 'అమ్మ' అని నా భార్య వాదన, 'తాత' అని మా నాన్న వాదన. బంద్ అన్న సంగతి పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. తీర్పు చెప్పడానికి నేనక్కడ లేను.

"గంత బాధపడకు. దాని పెండ్లి నాడన్న ఉంటవు తియ్," అని మా నాన్న ఓదార్చాడు.

"ఆ దినం గూడ నైటు డ్యూటీయే పడుతది సూడు బాపూ."

"పెండ్లి పగటీలి పెట్టుకుందాం."

పిల్ల జూనియర్ కేజీలో ఉండగా బడి నుంచి కబురొచ్చింది. పిల్లలు తమ పనులు తామే చేసుకోవడం తల్లిదండ్రుల ముందు చేసి చూపిస్తారట. చొక్కా గుండీలు పెట్టుకోవడం, టిఫిన్ డబ్బా మూత తీయడం, చివరికి బూటు లేసులు కట్టుకోవడం. పొద్దున పదింటికి. ఆ రోజుకని లేసుల బూట్లు కొత్తవి కొన్నాం.

నాలో ఏదో లేచింది. దాన్ని పితృహృదయం అనొచ్చు, నా భార్య మాత్రం మొండితనం అంటుంది.

"ఈసారి నేను సూడాలె," అన్నాను. "లేసు కట్టుడు మొట్టమొదలు నా కండ్ల ముంగటనే కావాలె. అప్పటిదాక ఇంట్ల ఎవ్వరు బూటు ముట్టొద్దు."

నా భార్య చీరకు రాళ్లు అంటిస్తోంది. మార్కెట్ నుంచి తెచ్చుకుని ఇంట్లో చేసే పని. తల ఎత్తలేదు. "నేర్సుకోకుండ పోయి ఆడ ఏం కడుతది, నీ తలకాయనా?"

"దారం మీద నేర్పుండ్రి. బూటు మీద మాత్రం ఆ దినమే."

"ఎవలు నేర్పుతరు? నీకొస్తదా?"

రాదు. పుట్టినప్పటి నుంచి చెప్పులే. లేసుల బూట్లు వేసుకుంది పెళ్లికొక్కసారి. షాపులో కట్టి ఇచ్చిన లేసులను విప్పకుండానే పాదం దూర్చాను, విప్పకుండానే తీశాను. నా భార్యకూ రాదు. సరే, ఫోన్లో ఒక వీడియో పెట్టి చూపించాం. అందులో లేసును కుందేలు చెవుల్లా మడవాలన్నారు. పిల్ల కుందేలు ఎక్కడుందని అడిగింది. ఆ తర్వాత నలభై నిమిషాలు కుందేళ్ల వీడియోలు చూసింది.

అప్పుడు మా నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ముడే గదరా. నేను నేర్పుత. ముప్పై ఏండ్లు ముడులు ఏసిన చేతులివి."

ఆ సాయంత్రం నుంచి గడప మీద శిక్షణ మొదలైంది. మా నాన్న కాలి బొటనవేలికి లావు దారం చుట్టుకుని కూర్చునేవాడు. పిల్ల ఎదురుగా కూర్చుని ఆ వేలికి ముడులు వేసేది. నేను ఇంట్లో ఉన్న పూట తలుపు దగ్గరగా వేసేవాడు. "సూడనన్నవు గద, లోపలికి పో" అనేవాడు. నా పంతం నాది, లోపలికి పోయేవాణ్ని. మాటలు మాత్రం వినిపించేవి.

"గిట్ల పట్టు. కింద నుంచి తియ్యి. ఆ... గట్టిగ గుంజు. శాబాష్. ఇగ చెయ్యి లేపు."

లేసు కట్టుకోవడానికి చెయ్యి ఎందుకు లేపాలి అన్న ప్రశ్న నాకు రావలసింది. రాలేదు.

పది రోజులకు అడిగాను. "ఎట్లొస్తుంది బాపూ?"

"పొల్ల చేతులు మన చేతులే రా. రేపే సాంచ మీద పెట్టచ్చు."

సాంచ అంటే మరమగ్గం. లోపలి నుంచి నా భార్య గొంతు వచ్చింది. "మామా, బడికి పంపుతున్నం దాన్ని. సాంచ ముచ్చట తియ్యకుండ్రి."

"మాటకన్న బిడ్డా," అని మా నాన్న గొంతు తగ్గించాడు.

ఇక నాకు సెలవు కావాలి. ఆ వారం నాది పగటి డ్యూటీ. రాత్రి డ్యూటీవాడు మధ్యాహ్నం దాకా నా మగ్గాలు కూడా నడిపితే నేను రావచ్చు. మా జిల్లావాడే, నాకన్నా పెద్దవాడు, అన్నా అంటాను. విషయం చెప్పాను.

"లేసు కట్టుడు సూడనీకి సుట్టీనా?" అన్నాడు. "మా పెద్దోడు పదో తరగతి పాసైన దినం గూడ నేను సాంచ మీదనే ఉన్న."

"మూడోసారికి పాసైండు గదనే అన్నా. నీకు గంత టైమిచ్చిండు, ఒక్కసారన్న పోయేదుండె."

తిడతాడనుకున్నాను. నవ్వి, "పన్నెండింటికి రాకుంటే సాంచలు బంద్ వెట్టి పోత," అన్నాడు. ఒప్పుకున్నట్టు.

ఆ రోజు మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందుజాగ్రత్తగా ఆయన్ను గోడ పక్కన చివరి కుర్చీలో కూర్చోబెట్టాం, లేచినా ఎవరికీ అడ్డం రాకుండా. ఫోన్ నా భార్యకు ఇచ్చేశాను. నాకు కళ్లు చాలు.

గుండీలు మొదలయ్యాయి. నా కూతురు ఒక గుండీ దాటేసింది. చొక్కా ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. చాలామంది పిల్లల పరిస్థితి అదే. టిఫిన్ డబ్బా చిటికెలో తెరిచి, అందులో ఏముందో చూసి, మళ్లీ మూసేసింది. ఆ తర్వాత మేడమ్ పన్నెండుమందిని చాప మీద వరసగా కూర్చోబెట్టింది. పక్కనే చిన్న బల్ల మీద రంగు కాగితాలు, కత్తిరించుకునే చిన్న కత్తెరలు. తర్వాతి ఆటకు పెట్టినవి.

"షురూ," అంది మేడమ్.

రెప్ప వేయలేదు నేను. మిగతా పిల్లలు నాలుక బయటపెట్టి లేసులతో కుస్తీ పడుతున్నారు. నా కూతురు రెండు కొసలు తీసుకుంది, ఒకదాని మీద ఒకటి పెట్టింది, ఎడమ బొటనవేలితో నొక్కింది, కుడిచేత్తో చుట్టూ తిప్పి కింద నుంచి దూర్చి గుంజింది. అయిపోయింది. ఇంకో బూటు. అదీ అయిపోయింది. మిగతావాళ్లకు ఇంకా కుందేలు చెవి ఒక్కటి కూడా మొలవలేదు.

ఆ ముడి నాకు తెలుసు. రోజంతా నేను వేసేది అదే. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలనూ అతికే ముడి. గోరంత ఉంటుంది, గుడ్డ చిరిగినా అది ఊడదు.

నాకు ఇది అర్థమయ్యేలోపే పిల్ల చెయ్యి చాచి బల్ల మీది కత్తెర అందుకుంది. ముడి వేశాక మిగిలిన కొసలు కత్తిరించాలి, లేకపోతే పక్క పోగులకు చిక్కుకుంటాయి. మా నాన్న దగ్గర నేర్చుకున్న ఎవరైనా కత్తిరిస్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. కొత్త లేసులు, ఎంతో పొడుగ్గా వేలాడుతున్నాయి. మొద్దు కత్తెరతో నాలుగుసార్లు కొరికి కొరికి నాలుగు కొసలూ తీసేసింది. కత్తెర జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టింది.

అప్పుడు చెయ్యి పైకి లేపింది.

షెడ్డులో మాట వినబడదు. తెగిన పోగు అతికినవాడు చెయ్యి లేపుతాడు. అవతలి వైపు ఉన్నవాడు అది చూసి మగ్గం నడుపుతాడు. నా కూతురు చెయ్యి లేపి కుర్చీల్లో నాకోసం వెతికింది. నా కుడిచెయ్యి దానంతటదే ముందుకు పోయి గాల్లో మగ్గం పిడి లాగింది. మోచెయ్యి పక్కనున్న ఆయన డొక్కలో తగిలింది.

"క్యా హువా భాయ్?"

"కుఛ్ నహీ. మెషీన్ చాలూ కియా."

నేను పిడి లాగడం అది చూసింది. చూసి నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు. అది ఊడిన రోజు కూడా నేను డ్యూటీలోనే ఉన్నాను. అయినా ఆ నిమిషం నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేకపోయింది, భేస్తాన్ మీద కూడా. చప్పట్లు కొట్టాను. మా నాన్న గోడ దగ్గర లేచి నిలబడి కొడుతున్నాడు. ఎవరికీ అడ్డం రాలేదు.

"ఫస్ట్!" అంది మేడమ్. ఆ తర్వాత అంది, "అబ్ ఖోలో."

విప్పి, బూట్లు తీసి, వరసగా పెట్టాలట. మిగతా పిల్లలు ఒక కొస లాగితే చాలు, ఊడిపోతున్నాయి. నా కూతురు మేడమ్ వైపు జాలిగా చూసింది. "ఏ ఖోల్నే కా నహీ హై మేడమ్."

మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో ప్రయత్నించింది. ఇంకో మేడమ్ తలలోంచి పిన్ను తీసి ప్రయత్నించింది. ఎవరో తల్లి పిన్నీసు తెచ్చింది. గోడ దగ్గర నుంచి మా నాన్న గొంతు వినిపించింది, షెడ్డులో మాట్లాడినంత గట్టిగా.

"ఎవ్వలు ఇప్పినా రాదు! గది ఇప్పే ముడి కాదు!"

దాదాజీ ఏమంటున్నారని మేడమ్ నన్ను అడిగింది. మాఫీ అడుగుతున్నారని చెప్పాను.

నా భార్య మామ దగ్గరికి పోయింది. "మామా, బూటు మళ్ల ఇడువాలె గద!"

"పోగు అతికినంక ఎవలన్న ఇప్పుతరా బిడ్డా?"

"రోజు ఎట్ల ఇడుస్తది బూట్లు?"

మా నాన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆయన కూడా జన్మలో లేసుల బూట్లు వేసుకోలేదు. "గా ముచ్చట మీరు నాకు చెప్పలె," అన్నాడు.

ప్రైజు వేరే పిల్లవాడికి పోయింది. బయటికి వస్తుంటే నా కూతురు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"పప్పా, ఫస్ట్ నేనే గదా?"

"నువ్వే బిడ్డా."

"మరి ప్రైజు?"

"లేసు ఇప్పినోళ్లకట."

"ఇప్పుట్ల ఏముంది? ఎవలన్న ఇప్పుతరు."

వాళ్లను ఇంటి దగ్గర దింపి, పన్నెండింటికి ఐదు నిమిషాల ముందు షెడ్డుకు చేరాను.

"కట్టిందా?" అన్నాడు అన్న.

"కట్టింది."

"సూసినవా?"

"సూసిన."

తల ఊపి, నిద్ర కళ్లతో ఇంటికి పోయాడు.

ఆ బూట్లు పిల్ల కాళ్ల నుంచి ఎలా తీశారో నాకు తెలియదు. నేను డ్యూటీలో ఉన్నాను. సబ్బు నీళ్లు పోశారని ఒకరు, కొబ్బరినూనె రాశారని ఒకరు. ముడులు మాత్రం కొయ్యనివ్వలేదట మా నాన్న.

సోమవారం బడి నుంచి గుజరాతీలో ఒక కాగితం వచ్చింది. వచ్చే నెల మొదలుకొని చిన్న తరగతుల పిల్లలందరూ లేసులు లేని, అంటించే పట్టీ ఉన్న నల్ల బూట్లు మాత్రమే వేసుకురావాలి.